ఫ్రిజ్ చల్లబడటం ఆగిపోయింది, ఎప్పటి నుంచో తెలియదు: ఏది ఉంచుకోవాలి, ఏది పారేయాలి?

మీరు అడిగింది ఇదీ. పొద్దున ఫ్రిజ్ తెరిస్తే పాలగిన్నె చల్లగా లేదు. లోపల లైటు వెలుగుతోంది, వెనక మోటారు శబ్దం వస్తోంది, పైన ఫ్రీజర్‌లో ఐస్ కూడా గట్టిగానే ఉంది. కింది అరలు మాత్రం దాదాపు గది వేడికి వచ్చేశాయి. ఎప్పుడు చెడిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. లోపల పాలు, పెరుగు, గుడ్లు, మొన్న వండిన చికెన్, నిన్నటి అన్నం, పచ్చి చేపలు, కోసిపెట్టిన పళ్లు, వెన్న, సాస్‌లు ఉన్నాయి. ఏదీ వాసన రావడం లేదు. బాగా మరిగించి తినేయొచ్చా, లేక అన్నీ పారేయాలా?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. చికెన్, అన్నం, చేపలు, కోసిన పళ్లు, పాలు పారేయండి. వెన్న, సాస్‌లు, కోయని పళ్లు, కూరగాయలు ఉంచుకోండి. పెరుగు, గుడ్ల గురించి కొంచెం మాట్లాడుకోవాలి. ఫ్రీజర్‌లో ఉన్నవి రాయిలా గట్టిగా ఉంటే వాటికేమీ కాలేదు, కానీ ఈ రోజే వాటికి వేరే చోటు చూసుకోండి. ఎందుకో కిందకి వెళ్లాక అర్థమవుతుంది.

నేను చాలాకాలం పెద్ద వంటశాలల్లో కోల్డ్ రూమ్‌ల బాధ్యత చూశాను. అక్కడ తలుపు పక్కన ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. కొన్ని గంటలకొకసారి టెంపరేచర్ చూసి, రాసి, సంతకం పెట్టాలి. కోల్డ్ రూమ్ మొరాయించిన రోజు మేం ముందు చూసేది లోపలి సరుకును కాదు, ఆ కాగితాన్ని. చివరిసారి 4 డిగ్రీలు అని ఎప్పుడు రాశారు? అప్పటి నుంచి ఇప్పటికి ఎన్ని గంటలైంది? నిర్ణయం చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఇంట్లో అలాంటి కాగితం ఉండదు. కాబట్టి ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కో గిన్నె మూత తీసి వాసన చూడటం కాదు. ఆ కాగితాన్ని గుర్తున్నంత మేరకు ఇప్పుడు రాసుకోవడం.

ఆ కాగితం మీద లెక్క ఇలా నడుస్తుంది. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 60 డిగ్రీల మధ్య భాగాన్ని ప్రమాదకరమైనదిగా చెబుతుంది, వండిన ఆహారాన్ని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచొద్దంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ కూడా పాడయ్యే స్వభావం ఉన్న ఆహారం 4 డిగ్రీలు దాటి 2 గంటలకు పైగా ఉంటే పారేయమంటుంది. బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు 1 గంటే. ఇదేదో భయపెట్టడానికి పెట్టిన గడువు కాదు. అనుకూలమైన వేడిలో చాలా రకాల బ్యాక్టీరియా దాదాపు 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. ఒక్క కణం 2 గంటల్లో 64 అవుతుంది, 4 గంటల్లో 4,096, 8 గంటల్లో కోటిన్నరకు పైనే. మొదట్లో పెద్దగా తేడా కనిపించదు, చివరి రెండు మూడు గంటల్లోనే కథంతా నడిచిపోతుంది. అందుకే 'ఇంకో గంటేగా' అన్న మాట ఇక్కడ చాలా ఖరీదైనది.

చాలామంది ఇక్కడ కరెంటు పోయినప్పటి నియమాన్ని తెచ్చి పెడతారు. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు. ఈ అంకెలు సరైనవే. కానీ వాటి వెనక రెండు షరతులు ఉన్నాయి. కరెంటు ఎప్పుడు పోయిందో మీకు కచ్చితంగా తెలిసి ఉండాలి, పోయే ముందు ఫ్రిజ్ సరిగ్గా చల్లగా ఉండి ఉండాలి. మీ ఫ్రిజ్ విషయంలో ఈ రెండూ లేవు. కరెంటు పోతే ఇల్లంతా తెలుస్తుంది. ఫ్రిజ్ మెల్లగా నీరసపడితే ఎవరికీ తెలియదు, పైగా దాని తలుపు రోజూ తీసినన్ని సార్లు తీస్తూనే ఉంటారు. నా దృష్టిలో కరెంటు కోత కంటే ఇదే ప్రమాదకరం.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు ఇంకో అనుమానం వస్తోంది. ఫ్రీజర్ బాగుండి కింది భాగం వేడెక్కడం, మంచు పేరుకోని ఫ్రాస్ట్ ఫ్రీ రకం ఫ్రిజ్‌లలో మామూలుగా కనిపించే జబ్బే. వాటిలో చల్లదనాన్ని తయారుచేసే కాయిల్ ఫ్రీజర్ వెనక ఉంటుంది. అక్కడి చల్లగాలిని ఒక చిన్న ఫ్యాన్ దారి గుండా కిందకి తోస్తుంది. ఆ కాయిల్ మీద పేరుకునే మంచును ఎప్పటికప్పుడు కరిగించడానికి డీఫ్రాస్ట్ హీటర్ ఉంటుంది. ఆ హీటరో దాని సెన్సరో పనిచేయకపోతే మంచు పెరిగి పెరిగి గాలి దారి మూసుకుపోతుంది. ఫ్యాన్ ఆగిపోయినా, మధ్యలోని గాలి తలుపు ఇరుక్కుపోయినా ఇదే ఫలితం. పైన ఐస్ భేషుగ్గా ఉంటుంది, కింద గాలి చేరదు.

మంచుతో దారి మూసుకుపోవడం ఒక్క రాత్రిలో జరిగేది కాదు. రోజుల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది. మొన్న లోపల 7 డిగ్రీలు, నిన్న 11, ఈ రోజు 18 ఇలా. అంటే 'రాత్రి చెడిపోయి ఉంటుంది' అని మీరు అనుకుంటున్నా, లెక్క మొదలైంది రెండు మూడు రోజుల క్రితం కావచ్చు. ఫ్రీజర్‌లో ఉన్నవాటికీ ఈ రోజే వేరే చోటు చూడమన్నది ఇందుకే. మెకానిక్ వచ్చాక ఆ మంచు కరిగించడానికి ఫ్రిజ్‌ని చాలా గంటలు ఆపేయాల్సి రావచ్చు. అప్పుడు బాగున్న సరుకు కూడా పాడవుతుంది. తలుపు మీద అంకె కనిపించే ఫ్రిజ్ అయితే దాన్ని నమ్మకండి. చాలా మోడళ్లలో అది మీరు పెట్టిన అంకే తప్ప లోపల ఉన్న అసలు టెంపరేచర్ కాదు.

ఇప్పుడు కాగితం రాద్దాం. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగాల్సింది ఒకటే: కింది అరలోంచి తీసిన వస్తువు నిజంగా జిల్లుమని చల్లగా ఉందని చివరిసారి ఎవరికి, ఎప్పుడు గుర్తుంది? 'బాగానే ఉన్నట్టుంది' అన్న జవాబును లెక్కలోకి తీసుకోవద్దు. మంచినీళ్ల సీసా తాగినప్పుడు పళ్లు జివ్వుమన్నాయా, వెన్న కత్తికి గట్టిగా తగిలిందా, సీసా బయటకు తీయగానే పైన నీటి చెమట పట్టిందా, ఇలాంటి గుర్తులు కావాలి. వెన్న మంచి సాక్షి. 4 డిగ్రీల్లో అది కోస్తే పెళుసుగా ఉంటుంది, పది పన్నెండు డిగ్రీలకు వచ్చేసరికి మెత్తబడటం మొదలవుతుంది. పాలు ఈ మధ్య మామూలు కంటే ఒకరోజు ముందే విరుగుతున్నాయా, ఆకుకూర త్వరగా వడలిపోతోందా అని కూడా ఆలోచించండి. అవి ఫ్రిజ్ ముందే ఇచ్చిన నోటీసులు.

ఉదాహరణకు, నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు నీళ్లు బాగా చల్లగా ఉన్నాయని ఒకరికి గట్టిగా గుర్తుంది. ఈ రోజు ఉదయం 7 గంటలకు చూస్తే వేడెక్కి ఉంది. మధ్యలో 18 గంటలు. ఈ 18 గంటల్లో ఎప్పుడు 4 డిగ్రీలు దాటిందో తెలియదు. తెలియనప్పుడు చెడు వైపే లెక్క వేయాలి, అంటే దాదాపు 18 గంటలూ పోయినట్టే. సాయంత్రం 6 దాకా బాగుందని ఎవరైనా చెప్పినా 13 గంటలు. రెండు గంటల గడువు ముందు ఈ రెండింటికీ తేడా లేదు. అందుకే చికెన్, అన్నం విషయంలో నేను తడుముకోకుండా చెప్పగలిగాను.

గుర్తులు లేకపోతే కొలవండి. వంటకు వాడే గుచ్చే థర్మామీటర్ ఉంటే, గిన్నె మధ్యలోకి గుచ్చి చూడండి. ఏదైనా ఇంకా 4 డిగ్రీల్లోపే ఉంటే, ఫ్రిజ్ మధ్యలో వెచ్చబడి మళ్లీ చల్లబడే రకం కాకపోతే, అది మంచిదే, వెంటనే ఐస్ పెట్టెలోకి మార్చేయండి. జ్వరం చూసే థర్మామీటర్ ఇందుకు పనికిరాదు, దాని కొలత అంత కిందకి ఉండదు. చెయ్యి అంతకంటే పనికిరాదు. 10 డిగ్రీల నీళ్లు కూడా చేతికి చల్లగానే తగులుతాయి. 'పట్టుకుంటే చల్లగానే ఉందే' అని ఉంచేసిన మాంసం గురించి మా వంటశాలల్లో చాలా గొడవలు పడ్డాను. ఇంకో సంగతి, ఫ్రిజ్‌లో అన్ని చోట్లా ఒకే చల్లదనం ఉండదు. తలుపు అరలు అన్నిటికంటే ముందు వేడెక్కుతాయి, చిన్న గిన్నె పెద్ద గిన్నె కంటే ముందు. మధ్య అరలో పెద్ద పాత్ర 6 డిగ్రీలుంటే తలుపులో ఉన్న చిన్న డబ్బా ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇక వాసన సంగతి. ఆహారాన్ని కుళ్లబెట్టేవి వేరు, మనిషిని జబ్బు చేసేవి వేరు. మాంసం మీద జిగట, చెడు కంపు తెచ్చేవి సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా. వాటి పని ఆహారాన్ని పాడుచేయడం, మిమ్మల్ని ఆస్పత్రి పాలు చేసేవి సాధారణంగా అవి కావు. సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటివి జబ్బు చేయడానికి సరిపడా పెరిగినా రంగు, రుచి, వాసన ఏమీ మారకపోవచ్చు. పైగా గట్టిగా కుళ్లిన దాన్ని ఎవరూ తినరు కాబట్టి ఇబ్బంది పడేది ఎక్కువగా వాసన రాని ఆహారంతోనే. వాసన వస్తే పారేయండి, అది ఒకవైపు పనిచేసే పరీక్ష. వాసన లేదంటే మాత్రం ఏమీ తేలనట్టు లెక్క. నాలుక మీద వేసుకుని చూడటం అసలే వద్దు.

మరిగించడం గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న, ఎందుకంటే సగం నిజం ఇందులో ఉంది. బాగా మరిగిస్తే బతికున్న బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. మిగతా సగం ఏమిటంటే, కొన్ని చనిపోయే ముందే తమ విషాన్ని ఆహారంలో వదిలేస్తాయి. మన చర్మం మీద, ముక్కులో మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ ఆహారంలో పెరిగితే తయారయ్యే విషం మరిగినా పోదు. వండిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ ఇంకా మొండిది. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లా నిద్రపోయే గట్టి రూపాలు, వండటాన్ని తట్టుకుని బతుకుతాయి, అన్నం వెచ్చగా ఉండిపోతే మొలిచి పెరుగుతాయి. అప్పుడు తయారయ్యే వాంతుల విషాన్ని ప్రెషర్ కుక్కర్‌లో వచ్చే వేడి కూడా ఏమీ చేయలేదు. 121 డిగ్రీల్లో గంటకు పైగా ఉంచినా అది నిలిచి ఉంటుందని ప్రయోగశాలల్లో తేలింది. కాబట్టి అన్నాన్ని తిరగమోత పెట్టినా, వేయించినా, ఆవిరి పట్టినా విషం ఉంటే అలాగే ఉంటుంది. తెల్లారి తినే అన్నం గురించి నేను అందరికంటే ఎక్కువ పట్టుదల చూపించేది ఇందుకే.

పెద్ద గిన్నెలో వండిన మాంసం కూరకు ఇంకో శత్రువు ఉంది, పేరు క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్. దీని స్పోర్లు కూడా వండినా చావవు. గోరువెచ్చని వేడిలో ఇది 10 నిమిషాల దరిదాపుల్లోనే రెట్టింపు కాగలదు, 20 నిమిషాల లెక్క దీనికి సరిపోదు. ఫ్రిజ్ చెడిన సంగతి తెలియక వేడి గిన్నె లోపల పెట్టి తలుపు వేస్తే అదే దానికి కావాల్సిన చోటు. మీరు మొన్న వండిన చికెన్ ఎంత వేడిగా లోపల పెట్టారో, అది ఎప్పటికైనా చల్లబడిందో లేదో కూడా ఇప్పుడు అనుమానమే.

చేపలకు సంబంధించింది మరో కోవ. ట్యూనా, కానాగంత, కవళ్లు లాంటి కొన్ని సముద్రపు చేపల మాంసంలో, వేడెక్కినప్పుడు బ్యాక్టీరియా వల్ల హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. చూసేవాళ్లు చేప పడలేదు, అలర్జీ అనుకుంటారు. ఆ హిస్టమిన్ వండినా పోదు, మళ్లీ గడ్డకట్టించినా పోదు. పచ్చి చేప, రొయ్య, మాంసం, కోడి ఏదైనా లెక్క తేలనప్పుడు ఉంచకండి.

పాలు విరిగితే చెడినట్టే, కానీ విరగకపోతే బాగున్నట్టు కాదు. తెరిచిన ప్యాకెట్, కాచిన పాలు, క్రీమ్, మెత్తని రకం చీజ్, పనీర్ పారేసే వైపు. తెరవని యూహెచ్‌టీ (బాగా ఎక్కువ వేడిలో కాచి సీలు వేసిన) పాల డబ్బాకు ఏమీ కాదు, అది బయట ఉండటానికే తయారైంది. పసిపిల్లల కోసం కలిపిపెట్టిన పాలపొడి పాలైతే రెండో ఆలోచన లేకుండా పారబోయండి.

పెరుగు మీద నా మాట అధికారిక జాబితాల కంటే కొంచెం మెతక. అమెరికా వాళ్ల జాబితా పెరుగును కూడా 2 గంటల తర్వాత పారేయమంటుంది. అయితే పులుపు ఎక్కువున్న చోట జబ్బు చేసే బ్యాక్టీరియా చాలావరకు పెరగలేదు, సాదా పెరుగుకు ఆ రక్షణ ఉంది. ఒక రాత్రి వెచ్చబడి పులిసిన సాదా పెరుగును ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తింటానంటే నేను అడ్డుపడను. బూజు, రంగు, గ్యాస్ బుడగలు కనిపిస్తే వద్దు. అందులో కూరగాయ ముక్కలో పళ్లో కలిపి ఉంటే వద్దు. గర్భిణులకు, చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మాత్రం ఈ మెతకదనం వర్తించదు. వాళ్ల విషయంలో జాబితా ఏం చెబితే అదే. లిస్టీరియా సంగతి వేరే చెప్పాలి, అది బాగున్న ఫ్రిజ్‌లోనూ మెల్లగా పెరగగలదు, ఫ్రిజ్ వెచ్చబడితే ఆ వేగం పెరుగుతుంది. గర్భిణికి అది సోకితే గర్భస్రావం దాకా వెళ్లవచ్చు.

గుడ్ల మీద దేశదేశాల నియమాలు కొట్టుకుంటాయి. అమెరికాలో అమ్మే ముందు గుడ్లను కడుగుతారు, దాంతో పెంకు మీది సహజమైన పొర పోతుంది, అందుకే అక్కడ చల్లదనం తప్పనిసరి. యూరప్‌లో చాలాచోట్ల కడగరు, బయట అరల్లోనే పెట్టి అమ్ముతారు. కాబట్టి మీ గుడ్లు కడిగి ప్యాక్ చేసినవైతే పారేయండి. కడగనివి, పగుళ్లు లేనివి అయితే ఒక రాత్రి వెచ్చబడినంత మాత్రాన నేను పారేయను. త్వరగా, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి వాడేస్తాను. ఉడకబెట్టి ఉంచినవి, పగలగొట్టి గిన్నెలో ఉంచినవి మాత్రం చెత్తబుట్టకే. నీళ్లలో వేసి తేలుతుందా లేదా అని చూసే పరీక్ష గుడ్డు ఎంత పాతదో చెబుతుంది, లోపల సాల్మొనెల్లా ఉందో లేదో చెప్పదు.

మిగతావి తేలిక. వెన్న, గట్టి చీజ్, జామ్, టమాటా సాస్, ఆవపిండి సాస్, వెనిగర్‌లో ఊరిన పచ్చళ్లు, తేనె, బ్రెడ్, కోయని పళ్లు, కూరగాయలు అన్నీ ఉంచుకోవచ్చు. ఉప్పు, పులుపు, తీపి, నీరు లేకపోవడం, తెగని తొక్క, వీటిలో ఏదో ఒకటి వాటిని కాపాడుతుంది. కోసిన పుచ్చకాయ, కోసిన టమాటా, తరిగిన ఆకులు వేరే జాతి. తొక్క తెగాక వాటిని వండిన ఆహారంలాగే చూడాలి. తెరిచిన మయోనైజ్‌కు ప్రత్యేకంగా ఒక లెక్క ఉంది: 10 డిగ్రీలు దాటి 8 గంటలకు పైగా ఉంటే పారేయాలి. ఇంట్లో నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లి ఉంటే సందేహించకుండా పారేయండి. నూనె కింద గాలి ఉండదు, అక్కడ బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా పెరగవచ్చు, దాని విషం నరాలను పడగొడుతుంది.

ఫ్రీజర్ లెక్క మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా రేపు పడవచ్చు. కరగడం మొదలైన ప్యాకెట్‌లో ఇంకా ఐస్ స్ఫటికాలు ఉంటే, లేదా అది 4 డిగ్రీల్లోపే ఉంటే, మళ్లీ గడ్డకట్టించవచ్చు. రుచి, మెత్తదనం కొంత పోతాయి, ప్రమాదం ఉండదు. ఐస్‌క్రీమ్ మాత్రం కరిగితే వదిలేయండి. ఊళ్లో లేని రోజుల్లో ఫ్రీజర్ కరిగి మళ్లీ గడ్డకట్టిందేమో తెలుసుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. కప్పులో నీళ్లు గడ్డకట్టించి పైన నాణెం పెట్టి వెళ్లడం. తిరిగొచ్చేసరికి నాణెం అడుగున ఉంటే మొత్తం కరిగిందని అర్థం. పైనే ఉంటే మంచిదే, కానీ అది ఫ్రీజర్ గురించే చెబుతుంది. కింది అరల గురించి దానికేమీ తెలియదు, మీ ఫ్రిజ్ లాంటి కేసులో నాణెం హాయిగా పైనే కూర్చుని ఉంటుంది. నాణెం లేకపోయినా గుర్తులు ఉంటాయి: విడివిడిగా పోసిన బఠాణీలు ఒక ముద్దగా మారడం, మాంసం ప్యాకెట్ అడుగున ఎర్రనీళ్లు గడ్డకట్టి ఉండటం, డబ్బాలు వంకరగా అతుక్కోవడం.

చాలామంది జారిపడే మెట్టు ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి బాగుచేస్తాడు, సాయంత్రానికి అన్నీ మళ్లీ జిల్లుమంటాయి. ఇక గొడవ తీరిపోయిందని రాత్రి ఆ కూరే వేడిచేసుకుంటారు. చల్లబడితే బ్యాక్టీరియా పెరగడం నెమ్మదిస్తుంది అంతే, పెరిగింది తగ్గదు, వదిలిన విషం మాయమవదు. ఆగి ఆగి పనిచేసే ఫ్రిజ్‌లో ఇది ఇంకా మోసం. పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది, మీరు పొద్దున చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. వెచ్చబడిన గంటలన్నీ కలిపి లెక్కేయాలి, ప్రతిసారీ సున్నా నుంచి కాదు. అందుకే మెకానిక్‌కు ఫోన్ చేయడానికి ముందే పారేయాల్సినవి తీసి పారేయండి. కుక్కకో పిల్లికో పెట్టడం కూడా వద్దు.

ఈ రెండు మూడు రోజుల్లో అందులోవి ఇప్పటికే తినేసి ఉంటే టెన్షన్ పడాల్సిన పనిలేదు, గమనిస్తూ ఉండండి. విషం వల్ల వచ్చే వాంతులు అరగంట నుంచి 8 గంటల లోపే మొదలవుతాయి, పెర్ఫ్రింజెన్స్ వల్ల కడుపునొప్పి, విరేచనాలు 6 నుంచి 24 గంటల్లో. సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజుల దాకా పట్టవచ్చు. నీళ్లు, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ ఉంటే చాలామందికి తగ్గిపోతుంది. విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, నీళ్లు కూడా నిలవనంత వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, చూపు మసకబారడం లాంటివి కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పసిపిల్లలు, గర్భిణులు, పెద్ద వయసువాళ్లైతే అంతదాకా ఆగకండి.

మీరు అడగలేదు కానీ, అదే ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉందేమో చూసుకోండి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒక రాత్రి గది వేడికి వచ్చినంత మాత్రాన అది వెంటనే పనికిరాకుండా పోదు, కానీ బయట ఎన్ని రోజులు ఉండొచ్చన్నది రకాన్ని బట్టి మారుతుంది. పెట్టె మీద చదివి, ఫార్మసిస్టును అడిగి తేల్చుకోండి. కంగారులో దాన్ని తీసుకెళ్లి ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు. కంటి చుక్కలు, టీకాలు, సిరప్‌లకూ ఇదే తీరు, పెట్టె మీది మాటే ప్రమాణం.

ఖాళీ అయ్యాక అరలు బయటకు తీసి సబ్బునీళ్లతో కడగండి. మాంసం, చేపల నీళ్లు కారిన చోట తర్వాత బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడవండి, సుమారు 4 లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ సువాసన లేని బ్లీచ్ సరిపోతుంది. దాన్ని వెనిగర్‌తో గానీ ఇతర క్లీనర్లతో గానీ కలపొద్దు. తలుపు రబ్బరు మడతల్లో పేరుకున్న మురికి కూడా తీయండి. రబ్బరు సరిగ్గా అంటకపోతే లోపలికి తేమ చేరి కాయిల్ మీద మంచు పెరుగుతుంది, ఈసారి జబ్బుకు మూలం అదే అయినా ఆశ్చర్యం లేదు. మెకానిక్‌ను ఆ సంగతి కూడా చూడమనండి.

బాగుచేశాక వెంటనే సరుకు సర్దేయకండి. ఒక చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ కొని, గ్లాసు నీళ్లలో వేసి మధ్య అరలో పెట్టి, తలుపు తీయకుండా రాత్రంతా వదిలేయండి. గాలిలో పెడితే తలుపు తీసిన ప్రతిసారీ అంకె ఊగిసలాడుతుంది, నీళ్లలో ఉంటే ఆహారం ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తుంది. పొద్దున 4 గానీ అంతకంటే తక్కువ గానీ కనిపిస్తే పాలు తెచ్చుకోండి. 6, 7 దగ్గరే ఆగిపోతే మెకానిక్‌ను మళ్లీ పిలవండి, డబ్బులు ఇచ్చేశాం కదా అని సర్దుకోవద్దు. ఆ తర్వాత కూడా థర్మామీటర్‌ను అక్కడే ఉంచి, పాలు తీసేటప్పుడు ఒక చూపు వేస్తూ ఉండండి.